రెండు కుడిచేతులు

వనపర్తిలో మా జిరాక్స్ షాపు పక్కనే ఫ్లెక్సీలు తయారుచేసే అన్న ఉండేవాడు. అతనిది ఎడమచేతివాటం. మౌస్ కూడా ఆ చేత్తోనే తిప్పేవాడు. నవ్వొస్తే ఆ చేతినే నోటికి అడ్డం పెట్టుకునేవాడు.

ఒక ఎన్నికలప్పుడు 'ధర్మాన్ని కాపాడే సింహం' అని రాసి, ఓ నాయకుడి తలకు పహిల్వాన్ ఒళ్లు అతికించాడు. పైకెత్తిన చేతులు రెండూ కావాలనే కుడివి పెట్టాడు.

"ఎవరన్న గుర్తువడ్తరా చూద్దాం తమ్మీ," అంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

కార్యకర్తలు గుర్తుపట్టారు. కొడతారేమోనని నేను మా షాపు షట్టర్ సగం దించాను. వాళ్లేమో ఈలలు వేశారు.

"మా లీడర్‌కు ఎడమ చెయ్యి ఎందుకు? గిట్లనే మండలమంత కట్టాలె!"

ఇక ప్రతి చిన్న నాయకుడూ అవే చేతులు కావాలన్నాడు.

"ఎగతాళికి చేసిన తమ్మీ. గిప్పుడు మామూలు చేతులు పెడ్తే ఫ్లెక్సీ వాపస్ ఇస్తున్నరు," అన్నాడు అన్న. ఈసారి నవ్వలేదు.

మొన్న గోపాల్‌పేట పోతుంటే రోడ్డు పక్కన పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. నాయకుడి కాళ్ల దగ్గర, శుభాకాంక్షలు చెబుతున్న వాళ్ల వరసలో అన్న ఫొటో ఉంది. చేతులు పైకెత్తి ఉన్నాడు.

రెండూ కుడివే.