ఐలీ అత్త ‘ఖాళీ’ అన్నప్పుడు

నవంబరు పదిహేను దగ్గరపడుతుంటే మా ఊళ్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవదు. జింకల వేట మొదలయ్యే రోజు అది. బడికి సెలవు, సగం దుకాణాలకు సెలవు, ఆ ముందరి ఆదివారం ప్రార్థనలో పాస్టరు గారి మనసు కూడా అడవిలోనే ఉంటుంది. నాకు మాత్రం ఐలీ అత్త గుర్తొస్తుంది. ఊరి హాలు తాళంచెవి జేబులో చేతికి తగిలిన ప్రతిసారీ గుర్తొస్తూనే ఉంటుందనుకోండి. దానికి కట్టిన ఎర్ర ఉన్నిదారం ఆమె చేత్తో కట్టినదే.

ఐలీ సిప్పోలా నాకు చుట్టం కాదు. ఊళ్లో ఎవరికీ కాదు. కానీ మేమంతా అత్తా అనే పిలిచేవాళ్లం. ముప్పై ఏళ్లు బడిలో వంట చేసింది. మాలో ఆమె గరిటె దెబ్బ తినని మగాడు లేడు. పెళ్లి చేసుకోలేదు. మగాళ్ల బూట్లు తొడుక్కుని, చేతిలో ఎప్పుడూ అల్లుతున్న మేజోడు పట్టుకుని, సరస్సు మీది గాలికి ఎదురుగా చకచకా నడిచిపోయేది. ఊరందరికీ కలిపి ఉన్న టౌన్‌షిప్ హాలులో వంటగది ఆమెది. అందుకని హాలు తాళం కూడా ఆమెదే. పెళ్లి విందైనా, మీటింగైనా, ఆమె వచ్చి తలుపు తీస్తేనే జరగాలి.

అక్టోబరు శనివారాల్లో ఆ హాల్లోనే తుపాకీ పాఠాలు జరిగేవి. కొత్తగా తుపాకీ పట్టేవాళ్లకు జాగ్రత్తలు నేర్పే తరగతి. పన్నెండేళ్ల పిల్లలు, కొత్తగా పెళ్లయి వచ్చిన ఆడవాళ్లు, పట్నం నుంచి వచ్చి స్థిరపడిన ఒకరిద్దరు పెద్దవాళ్లు. ఆ తరగతి పూర్తి చేయని పిల్లలకు వేట లైసెన్సు రాదు. ఊర్హో తాత ఇరవై ఏళ్లు ఆ పాఠం చెప్పి, పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది వసంతంలో పోయాడు. కొత్త మాస్టారు కావలసి వచ్చింది. దొరక్కపోతే పిల్లల్ని నలభై మైళ్ల అవతలికి తీసుకుపోవాలి.

నాకప్పుడు ముప్పై మూడేళ్లు. రాగి గని మూతపడి పదేళ్లు కావస్తోంది. కలప నరికే పని దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ‘హన్నులా వాళ్ల వెస్లీ’ అనడమే తప్ప, ఇదీ వీడి పని అని ఊరు చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. సైన్యంలో మూడేళ్లు తుపాకీ పట్టాను, అదొక్కటే నాకొచ్చిన విద్య. ఆ హాల్లో నల్లబల్ల ముందు నిలబడి మాస్టారూ అనిపించుకోవాలని ఎంత ఆశపడ్డానో ఇప్పుడు చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

మాస్టారని చొక్కాకి పెట్టుకునే బిళ్ల ఇచ్చేది వేట లైసెన్సులు చూసే జిల్లా ఆఫీసు. ఆ ఆఫీసాయన మా ఊరొచ్చి, ఏలకుల రొట్టె తిని, రెండు కప్పుల కాఫీ తాగి, “ఐలీ గారు సరేనంటే నాకూ సరే” అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ పనికి ముగ్గురం పోటీ ఉన్నాం. తలా ఒక శనివారం పాఠం చెప్పాలి. ఆమె వెనక వరసలో కూర్చుని మేజోడు అల్లుకుంటూ వింటుంది.

మొదటి శనివారం డ్వేన్ చెప్పాడు. జిల్లా కేంద్రంలో తుపాకుల దుకాణంలో అమ్మకాలు చూసేవాడు. మంచి మాటకారి. సేఫ్టీ మీట చూపించి, “ఇది నొక్కేశారంటే ఇక బెంగే లేదు, హాయిగా భుజాన వేసుకుని తిరగొచ్చు” అన్నాడు. వెనకనుంచి వస్తున్న అల్లిక సూదుల చప్పుడు ఆగిపోయింది.

“డ్వేనూ, నీ ట్రక్కుకి బ్రేకు ఉందా?” అని అడిగింది ఐలీ అత్త.

“ఉంది.”

“మరి పోయిన చలికాలం మా కంచెలోకి ఎందుకు దూరావు?”

హాలంతా గొల్లుమంది. డ్వేన్ కూడా నవ్వాడు పాపం, మంచివాడే. మళ్లీ రాలేదు.

రెండో శనివారం లెక్కల మాస్టారు పెల్టో. పద్ధెనిమిది సూత్రాలు నల్లబల్ల నిండా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఒక్కటీ తప్పు లేదు. పాఠమయ్యాక ఐలీ అత్త బల్ల తుడిచేసి, ఆయన చేతిలో కాఫీ పెట్టి, “పదకొండోది ఏంటయ్యా?” అంది. ఆయన కప్పులోకి చూశాడు, పైకప్పు వంక చూశాడు. దొరకలేదు.

“రాసినాయనకే గుర్తులేదు. వేళ్లు కొంకర్లు పోయే చలిలో, ఆకలితో, ఎదురుగా జింక నిలబడి ఉంటే పన్నెండేళ్ల పిల్లకి గుర్తుంటుందా?” అంది. పెల్టో గారు నొచ్చుకుని వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

మూడో శనివారం నాది. ఏం చెప్పమంటారు! ఆ పొద్దున్న బూట్లు రెండుసార్లు పాలిష్ చేసుకున్నాను. నాలుగే మాటలు చెప్పాను. ఏ తుపాకీనైనా గుండు ఉన్నట్టే చూడు. గొట్టం మూతిని మనిషివైపు తిప్పకు. కాల్చే క్షణం దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. గురి వెనక ఏముందో చూసుకో. పిల్లలచేత పదిసార్లు పలికించాను. ఐలీ అత్త సూదులు ఒక్కసారి కూడా ఆగలేదు. గెలిచేశాననుకున్నాను. మనసులో అప్పుడే బిళ్ల చొక్కాకి పెట్టేసుకున్నాను.

పిల్లలు కోట్లు వేసుకుంటున్నారు. హాల్లో పాఠాలకని, పేలకుండా పిన్ను తీసేసిన పాత రైఫిల్ ఒకటి ఉండేది. ఐలీ అత్త దాన్ని బల్ల మీదనుంచి తీసి నా చేతికిచ్చింది.

“ఖాళీయే వెస్లీ. గోడకి పెట్టెయ్.”

“సరే అత్తా” అని తీసుకుని గోడ మేకులకు తగిలించాను.

ఆమె నిదానంగా వచ్చి, దాన్ని మళ్లీ దించి, తూటా గది తెరిచే బోల్టు వెనక్కి లాగింది. ఒక తూటా చెక్కనేల మీద పడి, దొర్లుకుంటూ పోయి నా కూతురు కార్లా బూటుకి తగిలి ఆగింది. మందు తీసేసి, పక్కన చిల్లు పొడిచిన ఉత్త తూటా. అయినా కోట్లు సగం తొడుక్కున్న పిల్లలంతా నావైపు తిరిగి చూశారు.

“చెప్పింది బాగుంది. చేసింది చూశారుగా” అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. కూతురి ముందు! పిల్లలందరినీ పంపించేసి వంటగదిలోకి దూసుకుపోయాను. ఆమె కప్పులు కడుగుతోంది.

“ఇది మోసం అత్తా! ఖాళీ అని నువ్వే చెప్పావు. నీ ఎదురుగా తెరిచి చూస్తే నువ్వు అబద్ధమాడుతున్నావన్నట్టు కాదూ? మనూళ్లో ఎవరైనా అలా చేస్తారా?”

ఆ మాట నిజం. మా ఊళ్లో మాటంటే మాటే. పక్కింటాయన ఖాళీ అని తుపాకీ చేతికిస్తే, ఆయన కళ్లెదుటే బోల్టు లాగి చూడటం మొహాన ఉమ్మినంత పని. మా నాన్న అలా చేసినవాడితో పదేళ్లు సౌనా ఆవిరిగదిలో పక్కన కూర్చోలేదు.

“చెయ్యరు. అందుకే పెట్టా ఈ పరీక్ష” అంది ఐలీ అత్త. కప్పు తుడిచి బోర్లించింది. “మా అన్న ఆర్విడ్ కూడా చెయ్యలేదు.”

నేను వంటగది తలుపు దగ్గరగా వేశాను.

“నాకు పదిహేడు, వాడికి ఇరవై రెండు. వేటకి ముందురోజు నాన్న తుపాకీ నేనే శుభ్రం చేశా. శుభ్రం చేశాక నాన్నొచ్చి ఎలుగుబంటి తిరుగుతోందని గుండు పెట్టి వెళ్లాడు. నాకు తెలీదు. ఆర్విడ్ అడిగితే ఇచ్చా. ఖాళీ అన్నా. ఇంట్లో చుట్టాలున్నారు. చెల్లెలి మాట నమ్మనట్టు కనిపించడం ఇష్టంలేక వాడు చూడలేదు. బెంచీకి ఆనించాడు, అది జారి పేలింది.” ఆమె ఇంకో కప్పు తీసుకుంది. “నేను ఖాళీ అన్నాను వెస్లీ. అంతే. వాడికి నామీద మర్యాద.”

కుళాయి నీళ్లు అలా పోతూనే ఉన్నాయి. నేను తుడుపుగుడ్డ తీసుకుని కప్పులు తుడిచాను.

“నీ నాలుగు మాటలూ మంచివే” అంది చివరికి. “కానీ సిగ్గుపడే మనిషి కూడా పాటించగలిగితేనే అది సలహా. మనవాళ్లు చలికి ఓర్చుకుంటారు, ఆకలికి ఓర్చుకుంటారు. ఎదుటివాణ్ణి నొప్పించడానికి మాత్రం చచ్చినా ఒప్పుకోరు. దానికేం చెప్తావో ఆలోచించుకుని రా. అందాకా తాళం నా దగ్గరే ఉంటుంది.”

ఆ వారమంతా చెట్లు నరుకుతూ అదే ఆలోచన. మర్యాద మానుకోండిరా అని ఈ ఊరికి ఎవడు చెప్పగలడు? మా నాన్నకి చెప్పగలనా? గురువారం మధ్యాహ్నం, మొద్దు మీద కూర్చుని మాంసం కూరిన పాస్టీ తింటుంటే తట్టింది. మర్యాదని తీసెయ్యలేం గానీ, ఇటుదాన్ని అటు మార్చొచ్చు కదా! తీసుకునేవాడికి చూడాలంటే సిగ్గు. అయితే ఇచ్చేవాడే చూడమనాలి.

శనివారం పిల్లల్ని ఇద్దరిద్దరిగా నిలబెట్టాను. తుపాకీ ఇచ్చేవాళ్లు బోల్టు తెరిచి పట్టుకుని, ‘నన్ను నమ్మకు’ అనాలి. తీసుకునేవాళ్లు వేలుపెట్టి తడిమి చూసి, ‘నమ్మలేదు’ అనాలి. అప్పుడే చెయ్యి వదలాలి. ఆ మాట అనకుండా ఇస్తే ఇచ్చినవాళ్లదే అమర్యాద. పిల్లలకి భలే సరదా వేసింది. పెద్దవాళ్ల మొహం మీద ‘నమ్మలేదు’ అనే అవకాశం మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది! మా కార్లా అయితే ఇంటికొచ్చి ఉప్పుడబ్బా అందిస్తూ కూడా నన్ను నమ్మకు అనేది.

ఊరు ఊరుకుందా? ఊరుకోలేదు. ఆ నవంబరులో నా దగ్గర నేర్చుకున్న ఓ పిల్ల వాళ్ల తాత ఇచ్చిన తుపాకీ తెరిచి చూస్తే, ఆయన టోపీ తీసి మంచులో కొట్టి, “ఈ పిల్లకి ఎవడు నేర్పాడ్రా ఈ పొగరు!” అని నా ఇంటికొచ్చాడు. నేను తలుపు తీసేలోపే వెనకాలే ఐలీ అత్త వచ్చింది, సూదులు చంకలో పెట్టుకుని.

“నేనే నేర్పించా. నాకు చెప్పు నీ బాధ” అంది.

ఆయన ఆమె మొహం చూశాడు. ఆర్విడ్ శవపేటికని మోసినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడట. టోపీ దులుపుకుని, “కాఫీ ఉందా?” అన్నాడు. మరుసటి ఏడు ఆయనే తన తుపాకీ ఎవరికిచ్చినా నన్ను నమ్మకు అంటుంటే విన్నాను. బిళ్ల అయితే ఆ ‘నన్ను నమ్మకు’ శనివారం అయిన వారంలోపలే నా చొక్కాకి వచ్చేసింది. తాళం మాత్రం ఆమె ఇవ్వలేదు. “ఇంకా చూడాలి” అనేది. పద్ధెనిమిదేళ్లు చూసింది మహాతల్లి! ప్రతి ఏడూ చివరి శనివారం ఉన్నట్టుండి ఎవరో ఒకరి చేతికి ఆ పాత రైఫిల్ ఇచ్చి ‘ఖాళీయే’ అనేది. ప్రతిసారీ అందులో ఆ చిల్లు తూటా ఉండేది.

ఆ శనివారాలు తలుచుకుంటే ఇప్పటికీ తడి ఉన్నికోట్ల వాసన, కాఫీ వాసన కలిపి ముక్కుకి తగులుతాయి. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

తొంభై ఆరులో ఆమెకు డెబ్బై తొమ్మిది. చేతులు వణకడంతో అల్లడం మానేసింది. చివరి శనివారం పాఠమయ్యాక కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. పిల్లలు, తల్లిదండ్రులు, అందరూ ఉన్నారు. రైఫిల్ రెండు చేతులతో ఎత్తి, ఈసారి నాకే ఇచ్చింది.

“ఖాళీయే వెస్లీ.”

నన్ను నమ్మకు అనలేదు. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. ఇన్నేళ్లొచ్చిన ముసలామె, ఇంతమంది ముందు, ఆ మొహం పెట్టుకుని చెప్తుంటే తెరిచి చూడటానికి మనసొప్పితే కదా! ఆర్విడ్‌కి ఎలా అనిపించి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. పళ్లబిగువున బోల్టు లాగాను. తూటా పడుతుందని నేల వంక చూశాను. ఏమీ పడలేదు. వేలుపెట్టి తడిమాను. చల్లటి ఇనుము తప్ప ఏమీ లేదు.

“నమ్మలేదు అత్తా” అన్నాను.

“అరవై రెండేళ్లైందిరా, నేను ఖాళీ అన్న తుపాకీ నిజంగా ఖాళీగా ఉండి” అంది. ఏప్రన్ జేబులోంచి ఎర్రదారం కట్టిన తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూసింది.

“చూశావుగా. ఇప్పుడు నమ్ము నన్ను.”