కింది గాజులో ఉయ్యాల పిల్ల

దయ్యాలు, గాలి సోకడాలు అంటూ ఎవరైనా మొదలుపెడితే అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పందొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాను. కటకాలు, అద్దాలు, వెలుతురు, ఇవే నాకు కూడు పెడుతున్నాయి. కంటికి కనిపించే ప్రతిదానికీ కారణం ఉంటుందని పిల్లలకు చెప్పి చెప్పి నాకే ఆ నమ్మకం ముదిరిపోయింది. ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడింది అందుకే.

మా ఆయన రైల్వేలో ఎలక్ట్రీషియన్. పాత సామాను కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. మెట్టుగూడలో మూసేసిన ఒక ఆటల పార్లర్ నుంచి పిన్‌బాల్ మెషిన్ మోయించుకొచ్చి, ఏడాది పాటు దాంతో కుస్తీ పట్టి బాగుచేశాడు. ఏటవాలు బల్ల, పైన గాజు, గాజు కింద దొర్లే ఇనుప గుండు. రెండు పక్కలా ఉన్న బటన్లు నొక్కితే లోపల చిన్న రెక్కలు లేచి గుండును కొడతాయి. తల వైపు నిలువు పెట్టె, దాని ముందు బొమ్మ గీసిన గాజు, ఆ వెనక బల్బులు. మా దాని మీద సర్కస్ బొమ్మ ఉండేది. డేరా, సింహాలు, మధ్యలో ఉయ్యాల తాడు పట్టుకుని వేలాడే ఎర్రగౌను పిల్ల.

తార్నాకలో మాది రెండు గదుల ఇల్లు. సోఫాకే దిక్కులేదు, దీనికి మాత్రం హాల్లో సింహాసనం. నేను సణుగుతూనే ఉండేదాన్ని.

పోయినేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, ఎడమ చెయ్యి రాలేదు. ఒంటి చేత్తో ఎలక్ట్రీషియన్ పని ఎలా చేస్తాడు? రాత్రింబవళ్ళు నాకు అదే దిగులు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక దారి చెప్పింది. ఇష్టమైన ఆట కదా, రోజూ అరగంట ఎడమ బటన్ మీద వేలు పెట్టి నొక్కే ప్రయత్నం చేయించమంది.

రెండు నిమిషాలు కూడా నిలబడేవాడు కాదు.

"బొమ్మంత కింది గాజుల పడ్తున్నదే. గుండే కనిపిస్తలేదు. నాతోని కాదు, తియ్" అని విసుక్కుని వెళ్ళిపోయేవాడు.

ఆ మాట నిజమే. నిలువు గాజు వెలుగంతా వచ్చి, కింద బల్ల మీద పరిచిన గాజులో సరిగ్గా ఎడమ రెక్క మీదే పడేది. వెలుతురు సంగతి నాకు వదిలెయ్యి అన్నాను. బల్బులు తగ్గించాను. కిటికీకి మందపాటి పరదా వేశాను. కొంత తగ్గింది, చాల్లేదు.

ఒక శనివారం పొద్దున మా వదిన, అంటే ఆయన అక్క, ఆయన్ని ఫిజియో దగ్గరికి తీసుకెళ్ళింది. ఈలోపు మెరుపు తగ్గించే ఫిల్మ్ అంటిద్దామని బొమ్మ గాజు ఊడదీశాను. మా ల్యాబ్‌లో ఏ గాజైనా ముట్టుకోగానే ముందు స్పిరిట్ దూదితో రెండు వైపులా తుడవాలి. ఆ అలవాటుతోనే వెనక్కి తిప్పి గట్టిగా తుడిచాను.

దూది ఎర్రగా వచ్చింది. బొమ్మ గాజు లోపల ఉండదని, వెనక వైపు రంగుతో వేస్తారని నాకు తెలియదు. పిల్ల ముఖం, మెడ, ఎడమ చెయ్యి మొత్తం పోయాయి. తెలివి ఎక్కువైతే ఇలాగే ఉంటుంది. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఇది చూస్తే ఆయన మళ్ళీ ఆ మెషిన్ దగ్గరికే రాడేమోనని భయం పట్టుకుంది.

ఫిల్మ్ అంటించి, గాజు మళ్ళీ బిగించి, ప్లగ్గు పెట్టాను. పిల్ల ఉన్నచోట తెల్లటి మచ్చ వెలుగుతోంది. అంతలో వాళ్ళు వచ్చేశారు. నేను నోరు విప్పేలోపే ఆయన మెషిన్ ముందు నిలబడి, తలొంచుకుని గుండు వైపే చూస్తూ, కుడి చేత్తో ఎడమ చెయ్యి ఎత్తి వేలు బటన్ మీద పెట్టుకున్నాడు. వదిన పక్కన నిలబడి కింది గాజులోకి చూసింది.

"గీ పొల్ల మొఖం ఎంత ముద్దుగున్నదే! నేను ఇయ్యాలనే సూస్తున్న" అంది.

నేను చూశాను. డేరా లేదు, సింహాలు లేవు. ఫిల్మ్ తన పని చేసింది. పిల్ల మాత్రం ఉంది. ముఖం, మెడ, తాడు పట్టుకున్న ఎడమ చెయ్యి, అన్నీ ఉన్నాయి. తలెత్తి చూస్తే పైన తెల్లటి మచ్చ.

వదిన కూడా తలెత్తి చూసింది. "వామ్మో" అంటూ తలుపు దాకా వెనక్కి నడిచింది.

నా దగ్గర పోలరైజర్ ముక్క ఒకటి ఉంది. దాంట్లోంచి చూస్తూ తిప్పితే గాజు మీది ప్రతిబింబం మసకబారాలి. ఏటా పిల్లలకు నేను చూపించేదే. చుట్టూ తిప్పాను. పిల్ల కొంచెం కూడా మసకబారలేదు.

మెషిన్ వెనక్కి వెళ్ళి గోడ దగ్గర ప్లగ్గు పీకేశాను. బల్బులన్నీ ఆరిపోయాయి. అక్కడి నుంచే పక్కకు వంగి చూశాను, కింది గాజులో పిల్ల అలాగే ఉంది. తాడు మీద బిగిసిన వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతోంది.

టక్‌మని ఎడమ రెక్క లేచింది.

"నొక్కిన! సూసినవా, నొక్కిన!" అని ఆయన కేక పెట్టాడు. ప్లగ్గు నా చేతిలోనే ఉంది. మళ్ళీ చూసేసరికి గాజులో ఏమీ లేదు.

లోపల మిగిలిన కరెంటు ఏమో అనుకున్నాను. మర్నాడు పదిసార్లు ప్లగ్గు పీకి నేనే నొక్కి చూశాను, ఒక్కసారీ రెక్క కదల్లేదు. డాక్టర్ మాత్రం, నరాలు ఒక్కోసారి అలా మేలుకుంటాయన్నాడు. ఆ ముక్క నమ్ముతాను. ఇప్పుడు ఆయన ఎడమ చెయ్యి టీ గ్లాసు పట్టుకుంటోంది. వదిన మళ్ళీ మా గడప తొక్కలేదు, ఫోన్లోనే తమ్ముడి క్షేమం అడుగుతుంది.

బొమ్మ చెరిపిన సంగతి ఆ శనివారం సాయంత్రమే ఆయనకు చెప్పేశాను. "పోనీ తియ్, రంగే గద" అని నవ్వేశాడు. కాసేపటికి అడిగాడు.

"ఒక మాట చెప్పు. నా వేలి మీద వేలు వెట్టి నొక్కించినవ్ గద, గప్పుడు నీ చెయ్యి గంత సల్లగెందుకున్నదే?"

నేను మెషిన్ వెనక గోడ దగ్గర ఉన్నాను. వదిన తలుపు దగ్గర ఉంది.

నీళ్ళల్లో చెయ్యి పెట్టొచ్చానని చెప్పాను. ఇప్పటికీ నిజం చెప్పలేదు. చెబితే మళ్ళీ ఆ బటన్ మీద వేలు పెడతాడో లేదో.