మేస్త్రికి బట్టలు పెట్టకముందు

ఆ కాలంలో మా ఆర్మూరు చుట్టుపక్కల కొత్త ఇల్లు చూడటానికి వెళ్లినవాడు చేయాల్సినవి మూడే పనులు. గడప దాటి లోపలికి వెళ్లాలి, "మస్తుగున్నది" అనాలి, ఇచ్చిన చాయ్ తాగి బయటికి రావాలి. తలెత్తి పైకప్పు వైపు చూడటం మర్యాద కాదు. గోడ వంకరగా ఉందన్నా, తలుపు సరిగ్గా పడటం లేదన్నా ఆ ఇంటికి దిష్టి పెట్టినట్టే లెక్క. ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు చూస్తారు. పసుపు కొమ్మును విరిచి లోపలి రంగు చూస్తారు. నీళ్ల కుండ కొన్నా వేలితో కొట్టి చప్పుడు వింటారు. జన్మకొక్కసారి కట్టుకునే ఇంటిని మాత్రం కళ్లు మూసుకుని మెచ్చుకోవాలట. ఇదెక్కడి న్యాయమని అప్పట్లో నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది గానీ, ఇప్పుడు దానికి పొద్దున్నే ఒక బీపీ మాత్ర వేసుకుంటున్నాను.

నిజామాబాద్‌లో పాలిటెక్నిక్ పూర్తిచేసి, సివిల్ డిప్లొమా కాగితం చేతిలో ఉండి, ఉద్యోగం మాత్రం లేకుండా తిరుగుతున్న రోజులవి. ఎనభైల చివర. మా బావ, అంటే అక్క భర్త, దుబాయిలో పనిచేసేవాడు. ఆయన కష్టంతో పసుపు మార్కెట్ వెనక ఒక స్లాబు ఇల్లు లేచింది. బావకు ఉత్తరం రాయడం రాదు. గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లన్నిటిలో లాగే మాకూ క్యాసెట్లే ఉత్తరాలు. మాటలు నింపిన క్యాసెట్‌ను సెలవు మీద వచ్చే ఎవరి చేతనో పంపేవాడు, మేమంతా టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్లం. ఆ ఏడు సంక్రాంతి దాటిన కొన్నాళ్లకు స్లాబు పడింది, ఎండలు ముదిరే వేళకు క్యాసెట్ వచ్చింది. అందులో అందరి క్షేమం అడిగాక నా వంతు వచ్చింది.

"బామ్మర్దీ, నువ్వు ఇంజినీరు చదివినవ్. ఇల్లంత మంచిగ చూడు. తప్పులేమన్న ఉంటే దాచకుంట చెప్పు. ఈడ నా మంచం మీద ఏసీ నీళ్లు చుక్క చుక్క పడ్తయి. నాలుగేండ్ల సంది నెత్తి మీద తువ్వాల కప్పుకొని పంటున్న. నా ఇంట్ల మాత్రం నా మీద ఒక్క చుక్క పడొద్దు."

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. అత్తమ్మ (బావ వాళ్ల అమ్మను నేను అలాగే పిలిచేవాణ్ణి) బీడీ చుట్టడం ఆపి, ఆ మాట మళ్లీ వినిపించమంది. మళ్లీ విన్నాం. నేను మర్నాడే ఇంటి మీద పడ్డాను.

ఇల్లు ఎలా చూడాలో నాకు బాగా తెలుసని నా నమ్మకం, నిజానికి కొంత తెలుసు కూడా. ఒక గోలీ, ఒక మేకు, ఒక బిందె నీళ్లు ఉంటే చాలు. గోలీని నేల మీద వదిలితే వాలు ఎటుందో అదే చెబుతుంది. (అక్క స్నానాల గదిలో గోలీ తూము వైపు కాక గుమ్మం వైపు పరుగెత్తింది. అంటే స్నానం చేసినవాళ్ల వెంటే నీళ్లూ బయటికి వస్తాయన్నమాట.) గోడను వేలి కణుపులతో కొట్టుకుంటూ పోతే గిలాబు (గోడ మీది సిమెంటు పూత) పట్టుకున్న చోట ఒక చప్పుడు, వదిలేసిన చోట డొల్ల చప్పుడు. మేకుతో గీస్తే ఇసుక రాలిందంటే సిమెంటు పొదుపు చేశారని అర్థం. తలుపులన్నీ ఒకసారి మూసి తెరవాలి, బిందెడు నీళ్లు పోసి ఎటు పోతున్నాయో నిలబడి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. పని జరిగినన్నాళ్లూ కూలీలకు చాయ్ మోసిన ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. ఏ రోజు ఏం జరిగిందో ఆమెకు తెలిసినంత మేస్త్రికి కూడా తెలియదు.

ఈ ఇంటికి చాయ్ మోసింది అత్తమ్మే, సంగతి చెప్పిందీ ఆమే. స్లాబు పోసిన రోజు మధ్యాహ్నానికి సగం పని అయ్యేసరికి వేల్పూర్ నుంచి ఎవరో వచ్చి, పసుపు ఉడకబెట్టడానికి మనుషులు కావాలని, కూలీ ఎక్కువిస్తామని కూలీలను ట్రాక్టర్ ఎక్కించుకుపోయారట. మిగతా సగం స్లాబు ఒకరోజు ఆగి మూడోనాడు పోశారట. నేను గబగబా నడిమి గదిలోకి వెళ్లి తలెత్తాను. బావ మంచం వేయాలనుకున్న చోటికి సరిగ్గా పైన, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేలెడు వెడల్పున ఒక చార. దాని మీద కొట్టిన సున్నం పొక్కులు లేచి ఉంది. సగం ఎండిన కాంక్రీటు పక్కన పచ్చి కాంక్రీటు పోస్తే రెండూ కలవవు, అతుకు మిగిలిపోతుంది. స్లాబు తడపడానికి పైన నిలబెట్టిన నీళ్లు ఆ అతుకు లోంచి దిగాయి. మేస్త్రి దాన్ని బాగుచేయలేదు, సున్నం కొట్టి దాచాడు. ఎంత ధైర్యం.

ఆ మేస్త్రిని ఊరంతా గ్యారంటీ మేస్త్రి అనేవాళ్లు. ఏది అడిగినా "గ్యారంటి" అనడమే తప్ప దేనికి గ్యారంటీయో ఎప్పుడూ చెప్పేవాడు కాదు. నేను కోపంతో ఊగిపోతూ ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, బావకు నివేదిక రికార్డు చేశాను. అరవై నిమిషాల క్యాసెట్. నాకు ఆవేశమే తప్ప వరస తెలియదు. వాకిట్లోంచి మొదలుపెట్టాను. గేటు గడియ చిలుకు, మెట్ల ఎత్తు, కిటికీ రెక్కలు, గోలీ పరుగు, ఒక్కోదానికీ మేస్త్రి నీతి మీద చిన్న ఉపన్యాసం. క్యాసెట్ తిప్పి రెండో వైపు కూడా అదే ధోరణి. చివరికి గొంతు సవరించుకుని, "బావా, ఇప్పటిదాక చెప్పినయన్ని ఒకెత్తు, అసలు సంగతి ఏందంటే మన స్లాబు..." అనేసరికి టిక్కుమని టేపు అయిపోయింది. నేనది గమనించలేదు. ఇంకో పది నిమిషాలు ఆగిపోయిన టేపు ముందు కూర్చుని స్లాబు గురించి అద్భుతంగా మాట్లాడాను.

దుబాయి గదిలో క్యాసెట్ వస్తే ఒక్కడే వినడు, గదంతా వింటుంది. ఎనిమిది మంది, అందరూ మోర్తాడ్, ఏర్గట్ల వైపు వాళ్లే. అందులో ఒకడు గ్యారంటీ మేస్త్రి అల్లుడని నాకెవరు చెప్పాలి? బావ జవాబు కన్నా ముందు ఆ అల్లుడి క్యాసెట్ మామకు చేరింది. మేస్త్రి మా వాకిట్లోకి వచ్చి, అందరి ముందూ నన్ను ఇంజినీర్ సాబ్ అని పిలిచి, తాను దొంగనో కాదో తేల్చమని కూర్చున్నాడు. ఇరుగుపొరుగు కూడా ఆయన వైపే. కొత్తింటికి వంకలు పెట్టేవాడు ఇంటికే మంచిది కాదని నలుగురూ నన్నే తిట్టారు. స్లాబు సంగతి నేనడిగితే, అది నీళ్లు కాదు, కొత్త సున్నం చెమ్మ అన్నాడు మేస్త్రి. ఆ తర్వాత బావ క్యాసెట్ వచ్చింది. చిలుకులు పోతే పోనీ, మేస్త్రితో లొల్లి వద్దు, వైశాఖంలో ముహూర్తానికి నెల సెలవు మీద వస్తున్నాను అని. స్లాబు ఊసే లేదు.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. గృహప్రవేశం నాడు ఇంటివాళ్లు మేస్త్రికి బొట్టు పెట్టి కొత్త బట్టలు పెడతారు. బట్టలు పెట్టడమంటే పనికి సంతోషపడ్డామని పదిమంది ముందు చెప్పడమే. ఆ తర్వాత గోడ ఒరిగినా మేస్త్రిని అడగరాదు. మొదటి వాన ఎప్పుడో జూన్‌లో, బట్టలు మే నెలలో. వాన వచ్చేసరికి బావ మళ్లీ దుబాయిలో తువ్వాల కప్పుకుని ఉంటాడు, ఇక్కడ అక్క మంచం జరుపుకుంటూ ఉంటుంది. ఏం చేసినా బట్టలు పెట్టకముందే చేయాలి.

బావ వచ్చాడు. వచ్చిన సంబరంలో ఉన్న మనిషికి నేను ఎంత చెప్పినా, అది సున్నం చెమ్మేనని మేస్త్రి చెప్పిన మాటే బాగున్నట్టు తోచింది. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. పై నుంచి రంగు నీళ్లు పోస్తే, కింద ఆ రంగే దిగితే, అది సున్నం చెమ్మ అని ఎవడంటాడో చూద్దాం. ఆర్మూరులో రంగుకు కరువా? పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ముల కింద రాలే పొడిని రెండు గోనెసంచుల నిండా ఎత్తి సైకిల్ మీద తెచ్చాను. ముహూర్తానికి ముందురోజు పొద్దున నిచ్చెన వేసుకుని ఎక్కి, అతుకు పొడవునా మట్టితో గట్టు కట్టి, పొడి పోసి, బిందెలకొద్దీ నీళ్లు మోశాను. (కిందికి దిగేసరికి ఎండకు ఎండి, నలుగు పెట్టిన పెళ్లికొడుకులా ఉన్నాను.) అందరినీ పిలిచి నడిమి గదిలో నిలబెట్టాను. చుక్క పడలేదు. మధ్యాహ్నం దాటింది, సాయంత్రమైంది, చుక్క లేదు. మేస్త్రి నా భుజం తట్టి వెళ్లాడు. తిట్టినా అంత మండేది కాదు.

మర్నాడు ముహూర్తం. కొత్త పొయ్యి మీద పాలు పొంగాయి. నడిమి గది నిండా చుట్టాలు. బావ, అక్క పీటల మీద నిలబడి ఉన్నారు, పళ్లెంలో ధోవతి, కండువా. మేస్త్రి బొట్టు కోసం నుదురు ముందుకు వంచాడు. సరిగ్గా ఆయన నడినెత్తిన ఒక చుక్క పడింది, ఎర్రగా. ఆయన తడుముకుని చెయ్యి చూసుకున్నాడు. ఇంకొకటి పళ్లెంలోని తెల్ల ధోవతి మీద. అందరూ తలలెత్తారు. పైన ఆ చార పొడవునా ఎర్రటి చుక్కలు వరసగా వేలాడుతున్నాయి. కొత్త సున్నం మీంచి గోడ వెంట ఎర్రని ధారలు దిగుతున్నాయి. ఎవరో ఇల్లు నెత్తురు కక్కుతోందన్నారు. అంతే, ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకుని వాకిట్లోకి పరుగు. పంతులు పంచాంగం తిరగేస్తున్నాడు. అక్క ముఖం పాలిపోయింది. అందరికన్నా ఎక్కువ భయపడింది నేను. నేను పోసింది పసుపు కదా, ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?

అత్తమ్మ ఒక్కతే కదల్లేదు. గోడ మీది ధారను వేలితో తీసి, వాసన చూసి, నా వైపు తిరిగింది.

"నెత్తురు లేదు గిత్తురు లేదు. పసుపుల సున్నం కలిస్తె గిట్లనే ఎర్రగైతది. పొద్దుగాల దిష్టి తీసెతందుకు నేనే పళ్లెంల కలిపిన. గింత సదువుకున్నవ్, గది తెల్వదా కొడుకా?"

తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా ఊళ్లో ఆ సంగతి తెలియని మనిషి లేడు. పైన స్లాబు నిండా సిమెంటు, కింద గోడ నిండా సున్నం ఉన్నాయని తెలిసి కూడా పసుపు పోస్తే పసుపే దిగుతుందనుకున్న ఇంజినీరు నేనొక్కణ్ణే. అది నెత్తురు కాదని తేలగానే బయటికి పరుగెత్తిన వాళ్లంతా లోపలికొచ్చి నా మీద పడ్డారు. శుభమా అని కొత్తిల్లు చేసుకుంటే గోడలు పాడుచేశావని ఒకరు, పిల్లలకు జ్వరం వస్తుందని ఒకరు. కారిన స్లాబును ఒక్కరూ ఏమీ అనలేదు. కారుతోందని చూపించినవాడే తప్పుడు మనిషి. ఆ అన్యాయానికి నాకు ఏడుపొచ్చింది, నిజంగానే ఏడ్చాను. ఇంకా పసుపు వదలని చేతులతో కళ్లు తుడుచుకున్నాను కూడా, దాంతో ఇంకా ఎక్కువ ఏడ్చాను.

"జర ఆగుండ్రి. పసుపు మీదికెళ్లి దిగిందంటె, నీళ్లు గూడ మీదికెళ్లే దిగినయ్ గద" అంది అత్తమ్మ, పైకప్పు వైపు వేలు చూపిస్తూ.

బావ ఆ చారనే చూస్తున్నాడు. దాని కింద తన మంచం చోటును చూశాడు. తర్వాత పళ్లెం తీసి వాళ్లమ్మ చేతికిచ్చాడు.

"మేస్త్రీ, ఈ బట్టలు నీయే. అమ్మ సందూకల పెడ్తది. వానకు నా మంచం మీద చుక్క పడకపోతే, మళ్ల లీవుల వచ్చి నా చేతుల్తోనే పెడ్త."

గొడవ లేదు, తిట్టు లేదు. మేస్త్రి తల దించుకుని, మూడోనాటికి మనుషులతో వచ్చాడు. అతుకు చెక్కి, నింపి, మీద గచ్చు వేశాడు. ఆ ఏడూ మరుసటి ఏడూ ప్రతి వానకూ పిలవకుండానే వచ్చి నడిమి గదిలో తలెత్తి చూసి వెళ్లేవాడట. రెండేళ్లకు బావ వచ్చి, మరక పడిన ధోవతి బదులు కొత్తది కొని బట్టలు పెట్టాడు. ఆ ఇంట్లో ఈనాటికీ చుక్క పడలేదు. గోడ మీది ఎర్ర చార మాత్రం ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతూనే ఉంది. దాని మీద అక్క క్యాలెండర్ వేలాడదీసింది.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, అదీ ఇళ్లు చూసి లోపాలు రాసే పనే. ముఖ్యమైనది మొదట రాయాలని, ఏ గదిలో ఏ మూల ఏం కనబడిందో రాయాలే గాని ఎవడు దొంగో రాయకూడదని నేర్చుకున్నాను. నా నివేదికలు ఎంత మర్యాదగా ఉండేవంటే, వాటిని చదివి ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఎవరూ ఏదీ బాగుచేసేవాళ్లు కూడా కాదు. అందరూ చూసిన, దానివల్ల ఒక పని జరిగిన నివేదిక నా జన్మలో ఆ ఎర్ర చార ఒక్కటే.

తొంభైల చివర నేనూ ఇల్లు కట్టుకున్నాను. మొదటి వానాకాలంలో బావ వచ్చాడు, అప్పటికి దుబాయి మానేసి ఆర్మూరులోనే ఉంటున్నాడు. ముందు గదిలో కుర్చీ పక్కన నేను పెట్టిన గిన్నెను చూశాడు, తలెత్తి దాని పైనున్న చోటు చూశాడు.

"బామ్మర్దీ, మేస్త్రికి బట్టలు పెట్టినవా?"

పెట్టిన బావా, అన్నాను. బట్టలు పెట్టిన రోజు నా కళ్లు పైకి పోయాయి, ఆ మూల సున్నం పొక్కు కనబడింది కూడా. బయట భోజనాల బంతులు నడుస్తున్నాయి, మేస్త్రి నవ్వుతూ నిలబడ్డాడు, చుట్టాలంతా మస్తుగున్నది అంటున్నారు. ఎందుకులే అనుకుని కండువా కప్పాను. గోనెసంచుల పసుపు సైకిల్ మీద మోసిన ఆ పిచ్చివాణ్ణి తలుచుకుని నాకు నవ్వొచ్చింది, వాడి ముందు కొంచెం సిగ్గూ వేసింది. బావ గిన్నెను కాలితో పక్కకు జరిపి, కుర్చీ అక్కడికి లాక్కుని, భుజం మీది తువ్వాల తీసి నెత్తిన కప్పుకుని, చాయ్ పెట్టమన్నాడు.