చిన్న కిటికీ, వెడల్పు లెన్సు

జమ్మికుంట స్టేషన్లో రైలు కోసం కూర్చుని, ఎదురు బెంచీ మీదున్న పత్తి రైతులను నా పాత రీలు కెమెరాతో ఫోటో తీయబోయాను. ఆ కెమెరాలో మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్కనున్న చిన్న అద్దపు కిటికీలోంచి. కొత్తగా బిగించిన వెడల్పు లెన్సుకు సరిపడే కిటికీ వేరే కొని పైన తగిలించుకోవాలి. నేను కొనలేదు.

పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వాడు.

“కిటికీల కనవడేదే ఫోటో అనుకుంటున్నవా బిడ్డా? గా లెన్సుకు ఇంకా మస్తు కనవడ్తది. జర దగ్గరికి పో.”

ఎంత పడుతుందో రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు. ధర్మపురి దిక్కు నలభై ఏళ్లు ఇలాంటి కెమెరాతోనే పెళ్లిళ్లు తీశాడట.

“ఒక్క ఫోటోల గూడ చివర్ల నిలవడ్డోని భుజం తెగలే,” అన్నాడు రొమ్ము విరుచుకుని.

“మీదొకటి తీయనా?” అని అడిగాను.

“నాకెందుకు? అందరి పెండ్లిళ్లల్ల నేనున్న, ఏ ఫోటోల లేను. గా రైతులనే తియ్యి.”

ఆయన చెప్పినట్టే దగ్గరికి వెళ్లి తీశాను. కిటికీలో ముగ్గురు రైతులే కనిపించారు. ఆయన ఇంకా నా వెనక, మా బెంచీ మీదే ఉన్నాడనుకున్నాను. అంతలో రైలు రావడంతో ఎవరి పెట్టె వాళ్లం ఎక్కేశాం.

వారం తర్వాత రీలు కడిగిస్తే, రైతులకు ఎడమ పక్కన, ఫోటో చిట్టచివర ఆయన ఉన్నాడు. కండువా సర్దుకుని, గడ్డం పైకెత్తి, పెళ్లికొడుకులా నిలబడి సూటిగా నన్నే చూస్తున్నాడు.

భుజం తెగలేదు.