దూదికి అంటిన నీలం సిరా

తప్పంతా నా బద్ధకంతో మొదలైంది. పెన్సిలు మొన విరిగింది. చెక్కుకోవడానికి లేవలేక, చేతికందిన నీలం మార్కరుతోనే రెండు గాజు స్లైడ్ల మీదా గుర్తులు రాసేశాను. స్లైడు గరుకు అంచు మీద పెన్సిలుతో తప్ప రాయొద్దని సార్ మొదటిరోజే చెప్పారు. వింటే కదా!

పండిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలుంటాయే, సత్తుపల్లిలో మా కాలేజీ ల్యాబులో నేనూ సారూ వాటి మీదే పనిచేసేవాళ్ళం. ఆ ఈగ పిల్లపురుగు లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు బాగా లావుగా, అడ్డచారలతో ఉంటాయి. ఆ చారల్లో ఒక ప్రోటీన్ ఎక్కడెక్కడ కూర్చుందో కనిపెట్టాలి. గ్రంథిని స్లైడు మీద పెట్టి, పైన పల్చటి గాజు కప్పి, బొటనవేలితో అదమాలి. వేలు పక్కకు జారిందా, అంతా ముద్దే. తర్వాత గడ్డకట్టేలా ద్రవ నైట్రోజన్‌లో ముంచి ఆ గాజును ఊడదీయాలి. నైట్రోజన్ మాకు పశువుల దవాఖానా నుంచి వచ్చేది. ఎద్దుల వీర్యం దాచే క్యాను లోంచి సార్ బతిమాలి ఫ్లాస్కులో పోయించుకొచ్చేవారు.

ఆ పైన రెండు యాంటీబాడీలు వేస్తాం. మొదటిది వెళ్ళి మా ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. రెండోది ఆ మొదటిదాన్ని పట్టుకుని పచ్చగా మెరుస్తుంది. ఒక స్లైడుకు రెండూ వేస్తాం. ఇంకోదానికి మొదటిది మానేసి రెండోది మాత్రమే వేస్తాం. దాన్ని కంట్రోల్ అంటారు. అది చీకటిగా ఉంటేనే పక్కదాని వెలుగును నమ్మాలి. మొదటి యాంటీబాడీని హైదరాబాదులోని పెద్ద ల్యాబు నుంచి ఒక పెద్దాయన సార్ మీద నమ్మకంతో పంపారు. ఈ స్లైడు చేశాక ట్యూబు అడుగున ఇంకొక్కసారికే సరిపడా మిగిలింది.

ఆ మధ్యాహ్నం మైక్రోస్కోపు కింద పెట్టబోయే ముందు రెండు స్లైడ్లనూ స్పిరిట్ దూదితో తుడిచాను. దూది నీలంగా అయింది. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మార్కరు సిరా స్పిరిట్‌కు కరిగిపోయింది. రెండు స్లైడ్లూ బోసిగా ఉన్నాయి. ఏది ఏదో తెలియదు. సరిగ్గా అప్పుడే ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయి కిటికీ అద్దాలు గడగడలాడాయి. రోజూ వినే చప్పుడే. ఆ రోజు మాత్రం కెవ్వుమన్నాను.

రెండింటినీ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఒకదాంట్లో క్రోమోజోము పొడవునా పచ్చటి చారలు. రెండోదాంట్లో ఏమీ లేదు. మెరిసేదే అసలుది, మెరవనిదే కంట్రోల్, ఇంకేముంటుంది? గబగబా పెన్సిలు చెక్కి అలాగే రాసేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! మెరుపు నిజమో కాదో తేల్చడానికి కదా కంట్రోల్. నేనేమో మెరుపును చూసి కంట్రోల్ ఏదో తేల్చేశాను.

సార్ వచ్చి మైక్రోస్కోపులోకి వంగి, తల ఎత్తకుండానే "భలే చేశావమ్మా!" అన్నారు. అప్పటికప్పుడు ఫొటో తీసి పెద్దాయనకు పంపారు. ఆయన దాన్ని వచ్చే వారం ఏదో సభలో చూపిస్తారట. చెబితే ల్యాబు నుంచి వెళ్ళగొడతారేమో. చెప్పకపోతే, ఏమీ తెలియని సార్ పదిమందిలో అబద్ధాలకోరు అవుతారు. ఏదీ తేల్చుకోకుండానే సైకిలెక్కి ఇంటికొచ్చేశాను.

మా నాయిన ఓపెన్‌కాస్టులో మందు పేల్చే పని చేసేవాడు. పేలుడయ్యాక అందరికంటే ముందు తనే లోపలికి నడిచి, బండలో తొలిచి మందు కూరిన బొక్క ఏదైనా పేలకుండా మిగిలిందేమో చూడాలి. ఆయన సంతకం పెడితేనే బొగ్గు మోసే డంపర్లు కదులుతాయి. ఆ రోజు ఇంటికి ఆలస్యంగా వచ్చాడు.

"ఏంది బిడ్డా, అన్నం ముందర పెట్టుకొని గట్ల కూసున్నవ్?"

ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. యాంటీబాడీ సంగతి ఆయనకేం తెలుసు? గుర్తులు చెరిగిపోయాయన్నది మాత్రం బాగా అర్థమైంది.

"ఇయ్యాల ఒక బొక్క మీద నాకు అనుమానమొచ్చింది," అన్నాడు. "పేలే ఉంటది, సంతకం పెట్టు అని ఆఫీసరు ఒకటే లొల్లి. నేను పెట్టలే. తెల్వదు అని రాసిన. బండ్లన్ని ఆపిన."

"భయం కాలేదా నాయినా?"

"ఎందుకు కాదు? గానీ ఆళ్ళను లోపలికి పంపాలంటే ఇంకా భయమైంది."

పొద్దున్నే సార్ ముందు నిలబడ్డాను. "ఏది ఏదో నాకు తెలియదు సార్," అన్నాను. సార్ మొహం నల్లబడింది. "ఆ మాట నిన్ననే చెప్పడానికేం?" అని కసిరారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకప్పటిదాకా తెలియదు. పొమ్మంటారనే అనుకుని సంచీ భుజానికి తగిలించుకున్నాను. గుమ్మం దాటబోతుంటే, "మొదటి యాంటీబాడీ ముట్టుకోకు. కంట్రోల్ ఒక్కటే మళ్ళీ చెయ్యి. పెన్సిలుతో రాసి ఏడువు," అన్నారు.

రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఒకటే మొక్కుకున్నాను, చీకటిగా ఉండాలి తల్లీ అని. మూడో రోజు కన్ను ఆనించాను. మెరిసింది. అవే చారలు, అదే పచ్చ. మొదటిది వేయనే లేదు, రెండోదే దానంతటది అతుక్కుని మెరుస్తోంది. మరి అంతకుముందు నల్లగా కనిపించినది ఎందుకలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

సార్ చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని పెద్దాయనకు ఫోన్ చేశారు. "ఆ ఫొటో చూపించకండి సార్. మావల్ల పొరపాటు జరిగింది," అన్నారు. నా పేరు ఎత్తలేదు. ఫోన్ పెట్టేసి, అసలు స్లైడు మళ్ళీ చేయాలంటే, ఇలా దానంతటది అతుక్కోని కొత్త రెండో యాంటీబాడీ తెప్పించాలి, రాసుకో అన్నారు. అంటే రేపు కూడా రమ్మన్నట్టే.

సాయంత్రం మా నాయిన గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుతున్నాడు.

"మెరవకూడనిది మెరిసింది నాయినా. నేను చూపించిందంతా తప్పే."

చేతిలో బూటుతోనే తలెత్తి చూశాడు. "ఎవలకన్న దెబ్బ తాకిందా?"

"లేదు."

"మరింకేంది? లే, చెయ్యి కడుక్కో. అన్నం తిందాం."