వరద తగ్గకముందే వచ్చిన వాయిదా

ఆ ఏడాది గోదావరి మా లంకలోకి వచ్చేనాటికి అప్పు తెచ్చి గులాబీ అంట్లు పెట్టాం. నీరు తీసేసరికి మొక్కలన్నీ కుళ్లి కంపు కొడుతున్నాయి.

నీరు ఇంకా పూర్తిగా తీయక, హైస్కూల్లోనే తలదాచుకుంటున్న రోజులవి. పులిహోర పొట్లాలు పంచుతుండగా మైక్రోఫైనాన్స్ ఆఫీసరు బండి మీద వచ్చి, కలిసి అప్పు తీసుకున్న మా గ్రూపు ఆడవాళ్లను ఆ వారం వాయిదా కట్టమని వరండాలో కూర్చోబెట్టాడు.

"వరద మీ ఊరికి వచ్చిందండి, కంపెనీకి కాదు కదా" అన్నాడు మర్యాదగానే. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది.

మా పక్కింటి వదిన చేపలమ్మేది. ఆ అప్పుతో కొన్న పడవా వలా కొట్టుకుపోయాయి. "నా దగ్గరేం లేదండి, కాస్త ఆగండి" అంది.

"మీరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలండి. అప్పటిదాకా ఎవరూ లేవడానికి లేదు."

అతను గొంతు పెంచలేదు. తిట్లన్నీ మావాళ్ల చేతే తిట్టించాడు. నిన్నటిదాకా ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్లు "నీ వల్ల మాకేంటి ఈ ఖర్మ" అని ఆమె మీద పడ్డారు. వదిన చెవి దుద్దులు తీసి ఇవ్వబోయింది. బంగారం తీసుకోవడానికి రూల్సు ఒప్పుకోవన్నాడు. ఆమె మోకాలి లోతు నీళ్లలో తాకట్టు కొట్టుకు వెళ్లి వచ్చేదాకా మేమంతా అలాగే కూర్చున్నాం.

మాకు కొన్ని అంట్లు అరువిచ్చిన కడియం నర్సరీ ఆయన ఆ వారంలోనే వచ్చాడు. మామూలు రోజుల్లో ఒక్క మొక్క దగ్గర కూడా తగ్గని మనిషి. మొక్కలు కుళ్లిన కవర్ల మధ్య నిలబడి, "నావీ పోయాయమ్మా, మీవీ పోయాయి. సగం ఇవ్వండి చాలు, అదీ మళ్లీ మొక్కలు లేచాక" అన్నాడు.

కంపెనీ తర్వాత కొన్ని నెలలు వాయిదాలు ఆపింది. ఎంత మంచివాళ్లో అనుకున్నాం. ఆ నెలల వడ్డీ కూడా అప్పులో కలిపారని ఆనక తెలిసింది. మాఫీ చేయమని అడిగితే, జనానికి కట్టే అలవాటు పోతుందట. వరదకు ముందు ఒక్క వారం కూడా వాయిదా తప్పని వదినకు వీళ్లు అలవాట్లు నేర్పుతారు. వడ్డీ ఇంతెందుకని మొదట్లో అడిగితే, హామీ లేని అప్పు, రిస్కు మాది అన్నవాళ్లూ వీళ్లే. రిస్కు నిజంగా వచ్చిన రోజున అందులో పైసా వాటా తీసుకోలేదు. కట్టగలిగినవాళ్లు కట్టాల్సిందే, నేనూ కట్టాను. ఏటిపాలైన పడవ మీద అప్పు మాత్రం రద్దు చేసి తీరాలి. ఇది దయ కాదు, వాళ్లు తీసుకున్న వడ్డీకి న్యాయం.

వదిన ఇప్పుడు రాజమండ్రిలో అపార్ట్‌మెంట్లలో పని చేస్తోంది. బజార్లో కనబడితే బాగానే పలకరిస్తుంది. ఆ రోజు వరండాలో కూర్చున్న మమ్మల్నెవరినీ ఇంటికి మాత్రం రమ్మనదు.