మంచినీళ్లు చాలన్న మనిషి

కిందటి మంగళవారం పొద్దున్న మా ఎదురింటి బాబాయిగారు వీధి అరుగు మీద కుర్చీలో కూర్చుని, కాఫీ వచ్చేలోపే పోయారు. ఎనభై దాటిన మనిషి. చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు. ఆ కబురు పత్రికకు పంపింది నేనే. పి.గన్నవరం నుంచి ఏళ్ల తరబడి వార్తలు పంపుతున్న అలవాటు కొద్దీ నాలుగు లైన్లలో రాశాను. డెస్కు నుంచి ఫోను వచ్చింది.

"ఢిల్లీలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారని రాశారు, బావుంది. మరి ఊరికేం చేశారండీ?"

"ప్రయత్నం చేశారండీ" అన్నాను.

"ప్రయత్నం వార్త కాదు కదండీ" అని నవ్వి, నాలుగు లైన్లను రెండు చేశారు. తీసేసిన ఆ రెండు లైన్లే ఇక్కడ రాస్తున్నాను.

దేశంలోకి ఏ సరుకు రావచ్చు, దాని మీద ఎంత సుంకం వేయాలి, మన సరుకు ఎక్కడికి పోవాలి అని చూసే మంత్రిత్వ శాఖలో ఆయన ఉద్యోగం. తల్లిదండ్రులు ఇతరుల చేలల్లో కూలికి పోయేవారు. ఆయన మిషనరీల బడిలో చదివి, పరీక్ష రాసి, ఒక ట్రంకు పెట్టెతో రైలెక్కారు. వచ్చిన ఉత్తరాలు విప్పి రిజిస్టరులో ఎక్కించే గుమాస్తాగా మొదలై, సెక్షన్ ఆఫీసరుగా ముగించారు. "మా అమ్మ ఊడ్పులు ఊడ్చిన చేలో బియ్యం ఏ దేశం పోతన్నాయో నేను ఫైల్లో చూసేనోయ్" అనేవారు. అందులో గర్వం వినపడేది కాదు. గన్నవరం నుంచి అమలాపురానికి బస్సులున్నాయని చెప్పినట్టు చెప్పేవారు.

రిటైరై వచ్చాక కూడా కాగితం ఏది చేతికొచ్చినా ఎడమ పక్క పై మూలన చిల్లు పొడిచి, ఆకుపచ్చ దారపు ట్యాగు కట్టేవారు. కరెంటు బిల్లులు, మందుల చీటీలు, పెళ్లి శుభలేఖలు, చర్చి సంఘం వాళ్ల చందా కాగితాలు, అన్నీ ట్యాగుల్లోనే ఉండేవి. నన్ను "ఏవోయ్ పేపరూ" అని పిలిచేవారు. నేనేదైనా గట్టిగా వాదిస్తే ఆయన జవాబు ఒక్కటే: "ఫైలుకి కడుపుండదోయ్. కళ్లే ఉంటాయి. దాని ముందు ఏది పెడితే అదే చూస్తుంది."

ఆ మాట వెనక ఒక కథ ఉంది. ఆయన ఢిల్లీలో ఉండగా మన వైపు కొబ్బరి వర్తకులు కొందరు విదేశీ సరుకు గురించి మొరపెట్టుకోవడానికి ఆ ఆఫీసుకు వెళ్లారు. పూతరేకుల పెట్టెలు, బొండాల గెల, శాలువాలు మోసుకెళ్లారు. పెద్ద ఆఫీసరుకు శాలువా కప్పారు. ఫొటోలు దిగారు. బాబాయిగారి భుజం తట్టి "మనోడున్నాడు కదా, ఇంకేం బెంగ" అనుకుని రైలెక్కేశారు. వాళ్ల వినతిపత్రం మూడో రోజున పూతరేకుల పెట్టె అడుగున దొరికింది, నెయ్యి మరకలతో. ఆయన దాన్ని అలాగే రిజిస్టరులో ఎక్కించారు. "పక్క రాష్ట్రాలోళ్లు ట్యాగులు కట్టిన కాయితాలు తెచ్చేవోరు. మనోళ్లు స్వీట్లు తెచ్చేవోరు. స్వీట్లు ఆ సాయంత్రానికి అయిపోయేయి. కాయితాలు ఇప్పటికీ ఉన్నాయి."

ఇక మా మిల్లు సంగతి. ఊరి చివర ఎండు కొబ్బరి పొడి చేసే మిల్లు ఒకటి ఉండేది. బేకరీలకు, బిస్కెట్ కంపెనీలకు ఇక్కడి నుంచే లారీలు పోయేవి. కొబ్బరి మీద గోధుమరంగు తొక్క చెక్కడానికి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వచ్చేవారు. చాలా ఇళ్లు ఆ కూలి మీదే నడిచేవి. బయటి దేశం నుంచి చౌక పొడి రావడం మొదలయ్యాక లారీలు తగ్గాయి, తర్వాత ఆగాయి. అమ్ముడుపోని బస్తాలు షెడ్డులో కప్పుదాకా పేరుకున్నాయి. ఆడవాళ్లకు వారానికి రెండు రోజులే పని దొరికేది.

మిల్లు ఆసామి బాబాయిగారి దగ్గరికి వచ్చాడు. బాబాయిగారి తల్లి ఒకప్పుడు ఊడ్పులు ఊడ్చింది ఈ ఆసామి తాతగారి చేలోనే. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. బాబాయిగారు నెలల తరబడి కూర్చుని అర్జీ తయారు చేశారు. పరాయి సరుకు వల్ల ఇక్కడివాళ్లకు నష్టం జరిగిందని రుజువైతే అదనపు సుంకం వేస్తారు. రుజువు కావడమే ముఖ్యం. అర్జీ ఢిల్లీ చేరింది. ఇద్దరు ఆఫీసర్లు వచ్చి మిల్లును కళ్లారా చూస్తారని జవాబు వచ్చింది.

ముందురోజు సాయంత్రం ఆయన ఆసామి అరుగు మీద కూర్చుని చెప్పడం నేను విన్నాను.

"వాళ్లు చుట్టరికానికి రాట్లేదండీ. చూడ్డానికి వస్తన్నారు. ఉన్నది ఉన్నట్టు ఉంచండి. ఆగిన మిషను ఆగినట్టే ఉండాలి. బస్తాలు కదపొద్దు. మంచినీళ్లివ్వండి, చాలు."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు ఆసామి. మళ్లీ తనే, "వొట్టి మంచినీళ్లేనాండీ?" అన్నాడు.

"వొట్టి మంచినీళ్లే."

"గడప తొక్కినోళ్లని మంచినీళ్లిచ్చి పంపితే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానిత్తదా అండీ?"

"ఈ ఒక్క రోజుకీ అరుగు మీద పడుకోండి."

అరుగు కింద నిలబడ్డ మిల్లు ఆడవాళ్లతో సహా అందరూ నవ్వారు. ఆసామి అందరికన్నా గట్టిగా నవ్వాడు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

మర్నాడు వెళ్లేసరికి మిల్లు గోడలకు సున్నం తడి ఆరలేదు. గేటుకు అరటి చెట్లు కట్టారు. ఆడవాళ్లందరినీ పిలిపించి ఒకే రంగు కొత్త చీరలు ఇచ్చారు. అతిథులు వస్తుంటే మిషన్లు చచ్చినట్టు పడి ఉండటం అశుభమని అన్నీ తిప్పారు. షెడ్డులో బస్తాలు లేవు. భోజనాల బల్లలు వేయడానికి చోటు చాలక ట్రాక్టర్ల మీద పక్క తోటలోకి తోలేశారు. మేం రుజువని చెప్పుకున్నదల్లా అవే బస్తాలు. అవి ఉండాల్సిన చోట రొయ్యల వేపుడు, పులస లేని కాలం కనక కొరమీను పులుసు, పనసపొట్టు కూర, అరటాకుల మీద వరసగా.

"ఏం చేసేరండీ ఇది?" అన్నారు బాబాయిగారు.

"కోప్పడకండి. వాళ్లు తిని వెళ్లిపోతారు, బస్తాలు మళ్లీ తెచ్చేస్తామండీ" అన్నాడు ఆసామి. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆఫీసర్లు మర్యాదస్తులు. అన్నీ చూశారు, రాసుకున్నారు. బస్తాలు పక్క తోటలో ఉన్నాయని బాబాయిగారు చెబితే, మిల్లులో కనపడిందే రాస్తామన్నారు. తొక్క చెక్కే ఆడవాళ్లలో ముందున్న మనిషిని ఒకాయన హిందీలో అడిగాడు, పని దొరుకుతోందా, ఇబ్బందేమైనా ఉందా అని. బాబాయిగారు తెలుగులో చెప్పారు. ఆమె ఆయన పేటలోనే పుట్టి పెరిగిన మనిషి, ఆయన్ని పెదనాన్నగారని పిలుస్తుంది. ఇద్దరు పిల్లల్ని కాలేజీలో చదివిస్తోంది. ఆ వారం ఆమెకు దొరికిన పని అదొక్క రోజే. భోజనానికి లేవబోతున్న అతిథి ముందు కష్టం చెప్పుకోవడం ఆమెకు తెలియదు.

"ఇబ్బందేవీ లేదండి, బానే ఉందండి. ముందు భోజనం చెయ్యమనండి, సల్లారిపోద్ది" అంది నవ్వుతూ.

బాబాయిగారు ఆఫీసరు వైపు తిరిగారు. అక్కడ హిందీ, తెలుగు రెండూ వచ్చింది ఆయన ఒక్కరికే. ఏం చెప్పినా పట్టుకునేవాళ్లు లేరు. ఆమె అన్నది అన్నట్టు, భోజనం సంగతితో సహా, హిందీలో చెప్పారు.

తర్వాత నేనడిగాను, మార్చి చెప్పొచ్చు కదా అని. "నా సర్వీసంతా ఎదటోడి మాట మార్చకండా పైకి పంపడమేనోయ్. ఆ ఒక్కటే నాకొచ్చిన పని" అన్నారు. ఆ మధ్యాహ్నం ఆయన బల్ల దగ్గరికి రాలేదు. గేటు పక్కన స్టూలు మీద కూర్చుని గ్లాసుడు మంచినీళ్లు తాగారు. నేను మాత్రం తిన్నాను. రెండోసారి వేపుడు వేయించుకున్నాను కూడా. సాయంత్రం వార్త పంపాను: కళకళలాడుతున్న మిల్లు, కోనసీమ మర్యాదకు ముగ్ధులైన ఢిల్లీ అధికారులు.

కొన్ని నెలలకు జవాబు వచ్చింది. మిల్లు పూర్తిగా నడుస్తోంది, నిల్వలు కనపడలేదు, కార్మికులు ఇబ్బంది లేదన్నారు, కాబట్టి నష్టం రుజువు కాలేదు. ఆ ఆఫీసర్లు అబద్ధం రాయలేదు. నేను వెతికాను, ఒక్క వాక్యం కూడా తప్పు దొరకలేదు. చివర్లో జత చేసిన కాగితాల్లో నా వార్త కత్తిరింపు ఉంది, ఇంగ్లీషు అనువాదంతో.

బాబాయిగారు ఆ కట్టకు ట్యాగు కట్టి నా చేతికిచ్చారు. "నీ వార్త బావుందోయ్ పేపరూ. చదూతుంటే నాకే ఆకలేసింది."

నన్ను ఆయన అన్న మాట అదొక్కటే. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

మళ్లీ అర్జీ పెడదామని ఆయన రెండేళ్లు తిరిగారు. ఆసామి ప్రతిసారీ కాఫీ ఇచ్చి, టిఫిను పెట్టి, "చూద్దావండీ" అని సాగనంపేవాడు. ఆఖరుకి మిషన్లను పాత ఇనుము కింద అమ్మేశాడు. ఆడవాళ్లు రొయ్యల చెరువుల వైపు పనికి పోతున్నారు. తెల్లారకముందే ఆటో ఎక్కాలి. ఆరోజు "బానే ఉందండి" అన్న మనిషి కొడుకు చదువు మధ్యలో ఆగింది. బాబాయిగారు ఆమె ఎదురుపడినప్పుడల్లా ముందుగా పలకరించేవారు. ఆమె తల దించుకునేది.

నిన్న ఆయన జ్ఞాపకార్థం చర్చివాళ్లు ఆదరణ కూడిక జరిపారు. అంతమంది పట్టే చోటు ఊళ్లో ఇంకోటి లేదని మిల్లు షెడ్డులోనే పెట్టారు. భోజనాలు ఆసామివి. తనే పెడతానని పట్టుబట్టాడు. ఈసారి బస్తాలు జరపాల్సిన అవసరం రాలేదు. షెడ్డు ఇటు గోడ నుంచి అటు గోడ దాకా ఖాళీ. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక అరటాకులు వేశారు. రొయ్యల వేపుడు వచ్చింది. ఆసామి కండువా నడుముకు చుట్టి, "మొహమాటపడకండి, ఇంకొంచెం వేయించుకోండి" అంటూ వరస వెంట తిరుగుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతని దుఃఖం నిజమే.

నాకెదురు వరసలో ఆరోజు బానే ఉందన్న ఆమె కూర్చుంది. ఆసామి వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"అదేంటమ్మా, కూడికకొచ్చి తినకపోతే ఎలాగ?" అన్నాడు ఆసామి.

"మంచినీళ్లివ్వండి, చాలండి" అంది. "పెదనాన్నగారి మాట ఇయ్యాలన్నా యింటానండి."

ఆసామి చేతిలో గరిటె ఆగిపోయింది. ఎవరో స్టీలు గ్లాసు తెచ్చి పెట్టారు. ఆమె సగం తాగి దాన్ని ఆకు మధ్యలో పెట్టింది. పక్క ఆకులన్నీ నిండుతూ ఖాళీ అవుతూ ఉన్నాయి. ఆమె ఆకు మీద ఆ గ్లాసొక్కటే ఉంది, దాని చుట్టూ తడి గుండ్రంగా అంటుకుని.